పాదాల నుంచి తలదాకా

"పుర్రె ముందు పెట్టిందెవర్రా? పైకప్పు వేశాక పునాది తవ్వుతారా మీ వాడలో?"

వడ్రంగి మేస్త్రీ ఇనొగుచి కేకకి పన్నెండు తలలు ఒక్కసారి పైకి లేచాయి. తకయామా ఊరి పిల్లల భవనంలో వేసవి సెలవుల తరగతి అది. ఇల్లూ మనిషి ఒళ్లూ ఒకేలా నిలబడతాయని చూపించడానికి, ఆయన నెల రోజులు కూర్చుని దేవదారు ముక్కల్ని ఎముకల్లా చెక్కుకొచ్చాడు. ఇద్దరికొక అస్థిపంజరం. వేళ్లకి జిగురు అంటకుండా తలో జత అన్నం తినే పుల్లలు కూడా ఇచ్చాడు.

"కాళ్లు స్తంభాలు. నడుం దూలం. వెన్నెముక నిట్రాడు, పక్కటెముకలు వాసాలు. భూకంపానికి గోడ పడినా ఇవి నిలబడాలి. ఎక్కిందా బుర్రకి?"

పిల్లలు మూతులు ముడుచుకుని, అంటించిన పుర్రెలు పీకారు. ఒక్క సుజునో మాత్రం ముందే పాదాల దగ్గర మొదలుపెట్టింది. పదేళ్లుంటాయి. పక్కన ఆరేళ్ల చెల్లెలు ఫుకీ.

"శభాష్! నీకెవరు చెప్పారు పిల్లా, కింద నుంచి రావాలని?"

"మా పెద్దవాళ్లు చెప్పారు, మేస్త్రీ తాతా."

"అయితే మీది వడ్రంగుల ఇల్లే!"

సుజునో నవ్వలేదు. "పూర్తి చేస్తే ఇంటికి తీసుకెళ్లొచ్చా?"

"పడిపోకుండా నిలబెట్టు. నీదే."

ఆయన హాలంతా ఒక చుట్టు చుట్టి వచ్చేసరికి వాళ్ల బొమ్మ మెడ దాకా లేచింది. మెచ్చుకోబోయి ఆగిపోయాడు. సుజునో పుర్రెని తన పుల్లలతో ఎత్తి పట్టుకుంది. అదే పుర్రెని ఫుకీ తన పుల్లలతో అందుకుంటోంది. "మెల్లగా. పడదులే," అంటోంది అక్క.

ఒకరి పుల్లల్లోంచి ఇంకొకరు పుల్లలతో అందుకోవడమా! అన్నం దగ్గర ఆ పని చేస్తే ఎంత ముద్దుల పిల్లకైనా చేతి మీద ఒక్కటి పడుతుంది.

"ఛీ, వదలండి! అపశకునం పిల్లల్లారా!"

పుల్లలు లాక్కున్నాడు. పుర్రె బల్ల మీద దొర్లింది. ఫుకీ గుక్కపట్టి ఏడ్చింది.

"తల ఒక్కటే మిగిలింది తాతా. పెట్టనివ్వండి," అంది సుజునో.

"అక్కర్లేదు. బొమ్మ ఇక్కడే ఉంటుంది, మీరు బయటికి నడవండి. ఏది చెయ్యకూడదో కూడా నేర్పలేదా మీ అమ్మ? రేపు ఆవిణ్ణి వెంటబెట్టుకొస్తేనే లోపలికి!"

ఆ మాట అనకుండా ఉంటే ఎంత బావుండేదని ఇనొగుచి తర్వాత ఎన్నిసార్లు కుమిలిపోయాడో లెక్కలేదు. అప్పటికే నోరు జారింది.

సుజునో చెల్లెలి కళ్లు తుడిచింది. దొర్లిన పుర్రెని తీసి ఆయన ముందు జాగ్రత్తగా పెట్టింది.

"మొన్న కాటి దగ్గర, పెద్దవాళ్లు చెప్పినట్టే పాదాల నుంచి మొదలెట్టి అమ్మ ఎముకలు ఇలాగే ఇద్దరం పుల్లలతో ఎత్తుతుంటే, చివర్లో తల ఎముక చెల్లి పడేసింది తాతా... అప్పట్నుంచీ రోజూ ఏడుస్తోంది, ఈసారి పడెయ్యకుండా పెట్టిద్దామనీ."