గోడకి ఆనుకున్న మనిషి

అతను గోడకి పైనుంచి కిందికి దారం పట్టి చూశాడు. నడుం ఎత్తులో గోడ దారాన్ని ముందుకి తోసేస్తోంది.

“గోడకి పొట్ట వచ్చిందే!” అన్నాడు.

“నాకంటే పెద్దదా?” గుమ్మంలోంచి అడిగింది నెలలు నిండిన భార్య.

“నీ తర్వాతే.”

ఇల్లు కట్టి చూడమన్న పెద్దలు పాత ఇల్లు కొని చూడలేదు, పాపం! గోడలు గీకడానికి కూడా మేస్త్రినే పిలిస్తే చేతి చమురు వదిలిపోతుంది. అందుకే డొల్లబారిన పాత పూత రాల్చడం, కొత్త పూత పట్టేలా గాట్లు పెట్టడం, దుమ్ము దులిపి తడపడం తనే చేసుకుంటున్నాడు. బిడ్డ పుట్టేలోగా అద్దె గది ఖాళీ చేసి ఇక్కడికి వచ్చేయాలి.

పొట్టని ఉంచి చుట్టూ నింపుకొస్తే బోలెడు సిమెంటు మింగుతుంది. చెక్కేస్తే ఖర్చే లేదు.

అతను ఉలీ సుత్తీ తీసుకుని వెనక్కి తిరిగేసరికి అక్కడొక పెద్దాయన నిలబడి ఉన్నాడు. సరిగ్గా ఆ పొట్టకే వీపు ఆనించి, కాళ్ళు నేలకి తన్నిపెట్టి.

“ఎవరండీ మీరు?”

“ఇక్కడే ఉంటాను బాబూ.”

తలుపు తీసి ఉంది కదా, ఎండకి నీడపట్టున చేరాడనుకున్నారు. ఆమె స్టూలు తెచ్చి వేసింది.

“కూర్చోండి తాతగారూ.”

“కూర్చుంటే కుదరదమ్మా.”

వయసుకి మర్యాదిచ్చి అతను ఆ రోజు మిగతా గోడలు గీక్కున్నాడు. సాయంత్రం సామాన్లు సర్దుకుని చూస్తే ఆయన లేడు. తాళం వేసుకుని వెళ్ళారు.

మర్నాడు తాళం తీస్తే ఆయన అక్కడే ఉన్నాడు.

ఆమె తాళం వైపొకసారి, ఆయన వైపొకసారి చూసింది.

“ఎలా వచ్చారు తాతగారూ?”

“వెళితేగా తల్లీ, రావడానికి!”

అతనికి ఒళ్ళు మండింది. “చూడండి, మాకు పనుంది. తప్పుకోండి.”

“ఇదొక్కటీ వదిలెయ్ బాబూ.”

“మా గోడ, మా ఇష్టం. జరగండి.”

“జరిగితే...”

“ఏం, గోడ పడిపోతుందా?”

ఆయన నవ్వలేదు.

“పోనీలెండి, రేపు చూసుకుందాం,” అంది భర్త చెయ్యి పట్టుకుని.

“నువ్వూరుకో! ఇంతసేపూ నేను గోడకి చెప్తున్నానా? ఏమయ్యా, బయటికి నడుస్తావా లేదా?”

పెద్దాయన ఆమె వైపు చాలాసేపు చూశాడు. ఆమె కడుపు వైపు చూశాడు.

“సరే,” అన్నాడు. “మీరు ముందు నడవండి. వెనకే వస్తా.”

పీడ వదిలితే చాలనుకుంటూ అతను భార్యతో కలిసి వీధిలోకి వచ్చాడు. వెనక్కి తిరిగి చూసేలోపే లోపల పెద్ద శబ్దమైంది. కిటికీలోంచి ఎర్రటి దుమ్ము తన్నుకొచ్చింది.

గోడ మొత్తం కూలిపోయింది.

“అయ్యో! తాతగారు లోపలే ఉన్నారండీ!” కేక పెట్టిందామె.

వీధిలోవాళ్ళంతా పరుగెత్తుకొచ్చారు. అతను గోళ్ళు చిట్లేలా ఇటుకలు తోడాడు. “నేనే పొమ్మన్నాను... నేనే చంపేశాను,” అంటూ ఏడుస్తూనే తోడాడు. నేల కనబడేదాకా తోడినా మనిషి లేడు. చొక్కా పీలిక కూడా లేదు.

ఎదురింటి మామ్మ కర్ర పొడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. లోపల అడుగు పెట్టలేదు.

“ఎవరి కోసంరా వెతుకుతున్నారు?”

అతను చెప్పాడు. గోడకి ఆనుకున్న తీరు చెప్పాడు. చివరికి ఆయన అన్న మాట కూడా చెప్పాడు.

“ఏమన్నాడూ? మళ్ళీ చెప్పు.”

“మీరు ముందు నడవండి, వెనకే వస్తా అన్నారు మామ్మగారూ.”

కర్ర జారిపోయింది. మామ్మ గుమ్మంలోనే కూలబడిపోయింది.

“ఈ గోడ కూలడం ఇది రెండోసారి నాయనా. అప్పుడు అవే ఇటుకలతో మళ్ళీ కట్టారు. భయమేసి నేనీ గడప తొక్కలేదు. ఇన్నేళ్ళూ ఎదురుగానే ఉండి ఒక్కసారి తొంగి చూడలేకపోయానే!”

“ఎవరు మామ్మగారూ ఆయన?”

“నన్ను చంకనేసుకున్న మా అమ్మని వీధిలోకి పంపడానికి, పడబోయే ఈ గోడని వీపుతో ఆపి, ఆ మాటే చెప్పి, వెనకే రాని మా నాన్న.”