చేమంతి మీద అక్షింతల పురుగు

మందుల దెబ్బకు కడియం తోటల్లో అక్షింతల పురుగులతో సహా మంచి పురుగులన్నీ పోయాయి గానీ, మొక్కల రసం పీల్చే పేనుబంక మాత్రం పోలేదు. దాన్ని ఏరడానికే అచ్చం అక్షింతల పురుగుల్లా చేసిన నల్లచుక్కల ఎర్రని మరపురుగులు వచ్చాయి. అవి వచ్చి కూడా ముప్పై ఏళ్లయింది.

ఆ సాయంత్రం రోజూలాగే నూకరత్నం, కోడలు పద్మిని చివరి కాపు చేమంతుల మీంచి మరపురుగులను తీసి, పొట్టకింది మీట నొక్కి ఆపి, మళ్లీ పొద్దున వదలడానికి పెట్టెలో వేస్తున్నారు. పద్మిని ఒకదాన్ని వెల్లకిలా తిప్పి నొక్కింది. అది కాళ్లు గిలగిలా కొట్టుకుంది. ఆమె వేలికి పసుప్పచ్చని చుక్క అంటింది.

“అత్తయ్యా, ఇది కారిపోతోందండీ!”

నూకరత్నం ఆ వేలిని వాసన చూసింది. చిన్నప్పటి వాసన.

“నొక్కకే తల్లీ! అక్షింతల పురుగే! పేణమున్నదే!”

ఇద్దరూ ఊపిరి బిగబట్టి దాన్ని ఆకు మీద దించారు. అది కాసేపు కదలకుండా ఉండి, మెల్లగా నడిచి, ఆకు కింద మిగిలిన పేనునొకదాన్ని పట్టుకుని తినసాగింది. పద్మిని చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

నూకరత్నం పెట్టె మూత బిగించింది. “రేపు దీన్ని తెరవకు.”

“పూలన్నిటికీ పేను పట్టేత్తాది కదండీ?”

“పట్టనీయవే. అది తినాలి కదా.”