బంద్ రోజున తోడు

“ఇది నిజంగ రోగమేనా డాక్టరమ్మా?”

బాలమ్మ అడిగిన తీరుకు డాక్టర్ కావ్య రాస్తున్నది ఆపి తలెత్తింది. బయట కూర్చోమని నర్సు చెప్పినా వినకుండా సుష్మ వెనకాలే గదిలోకి వచ్చింది ఈ పెద్దావిడ. చీర కొంగు నడుముకు బిగించి, కుర్చీలో నిటారుగా కూర్చుని, సుష్మ మెడలోని ఆఫీసు కార్డునూ బల్ల మీది స్కానింగ్ కాగితాలనూ మార్చి మార్చి చూస్తోంది.

“ఎండోమెట్రియోసిస్ అంటారమ్మా. గర్భసంచి లోపల ఉండే పొరలాంటిదే బయట కూడా పెరుగుతుంది. నెలనెలా అదీ వాచి నెత్తురు కారుతుంది. అది బయటికి పోయే దారి ఉండదు. అందుకే అంత నొప్పి.”

“నెల నొప్పి అందరికి వచ్చేదే గద.”

“నీకెలా ఉంటుందో నువ్వే చెప్పు సుష్మా.”

సుష్మ బాలమ్మ వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. “పోయిన నెల మీటింగ్ మధ్యలో లేచి బాత్రూంకు పోయినాను. మళ్లీ లేవలేకపోయినాను. గంటన్నర నేల మీదనే పడుకున్నా. ఎవరైనా తలుపు కొడితే వస్తా ఉన్నా అని మాత్రం అంటా ఉన్నా.”

బాలమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. “మరి మందేంది?”

“మూడు దారులున్నాయి. రోజూ ఒకే వేళకు ఒక హార్మోన్ మాత్ర. లేదంటే నెలకో ఇంజెక్షన్. లేదంటే గర్భసంచిలో పెట్టే చిన్న లూప్, అది ఏళ్ల తరబడి లోపలే ఉండి మందు వదులుతుంది. ఏదీ జబ్బును పూర్తిగా పోగొట్టదు, నొప్పిని అణిచి ఉంచుతుంది. ఇవాళే తేల్చుకుంటే మంచిది. బంద్‌ల వల్ల ఇప్పటికే రెండుసార్లు రాలేకపోయింది మీ అమ్మాయి.”

బాలమ్మ కిటికీ వైపు చూసింది. మదీనాగూడ రోడ్డు మీద ఒక్క బస్సు లేదు.

“సూదితోని ఏమన్న తిప్పలుంటదా?”

“ఒంట్లో సెగలు వస్తాయి. ఎముకలు పలచబడతాయి. ఎక్కువ నెలలు వాడలేం.”

“ఈ వయసుకే ముట్లుడిగినదాని బాధలా?”

“ఇంకోటి మేడం, ఇంజెక్షన్ వేయాల్సిన రోజే బంద్ పెడితే?” అంది సుష్మ.

బాలమ్మ కొంగు సవరించుకుంది. “లూప్ మంచిగున్నట్టుంది. యాది పెట్టుకునే పని లేదు. ఒకే యాళ్లకు మాత్రంటే కష్టం, మా బస్తీల నల్లా నీళ్లే ఒక యాళ్లకు రావు.”

డాక్టర్ నవ్వింది. “మీది తెలంగాణ మాట, సుష్మది కడప వైపు. ప్రేమ పెళ్లి అయ్యుంటుంది. ఈ ప్రత్యేక రాష్ట్రం గొడవల్లో కూడా కోడల్ని వెంటబెట్టుకుని వచ్చారు చూడండి, మీలాంటివాళ్లు ఎంతమంది ఉంటారు?”

సుష్మ ఏదో చెప్పబోయింది. అంతలో ఫోను మోగింది. బెంగళూరు నుంచి భర్త యశ్వంత్.

“డాక్టర్ ఎదురుగానే ఉన్నా... హార్మోన్ మందులే... లేదు, ఎవరు చెప్పినారు నీకు?” ఆమె ఫోను చేత్తో మూసి డాక్టర్ వైపు తిరిగింది. “ఇవి వాడితే పిల్లలు పుట్టరని వాళ్ల ఆఫీసులో ఎవరో చెప్పినారంట. పిల్లలు పుట్టేదాకా ఓర్చుకోమంటున్నాడు.”

“వాడినన్నాళ్లు గర్భం రాదు. ఆపితే మళ్లీ వచ్చే అవకాశం ఉంటుంది. ఈ జబ్బు వల్ల కొందరికి ఆలస్యం కావచ్చు, అది దాచను. కానీ మాత్ర వల్ల కాదు.”

“ఇన్నవా బిడ్డా?” అంది బాలమ్మ. “నాకు గిట్లనే నొప్పొస్తుంటే ఇరవై ఎనిమిదేండ్లకే సంచి తీసేసిండ్రు. గిన్ని దారులున్నయని ఒక్కరు చెప్పలె. నీకు కూసోబెట్టి చెప్తున్నరు. బాత్రూంల పడ్డది నువ్వు. ఓర్చుకొమ్మనెటోడు ఒక్కనాడు పడి చూసిండా?”

కొడుకునైనా వదిలిపెట్టలేదే అనుకుంది డాక్టర్. కోడళ్ల తరఫున మాట్లాడే అత్తల్ని ఆ కుర్చీలో ఆమె ఎక్కువగా చూడలేదు.

“మరి లూపేనా?” అడిగింది.

సుష్మ బాలమ్మ ముఖం చూసింది.

“నన్ను చూడకు. నేను వాగుడుకాయను, నోటికొచ్చింది చెప్పిన. ఒళ్లు నీది.”

సుష్మ స్కానింగ్ కాగితాలను నెమ్మదిగా కవర్లో పెట్టింది. తర్వాత ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

“యశ్వంత్, మాత్రలు మొదలుపెడతా ఉన్నా. రెండేళ్ల తర్వాత బిడ్డ కావాలనుకున్నప్పుడు నేనే ఆపేస్తా. అలారం పెట్టుకుంటాలే, వేళ తప్పను. సాయంత్రం మాట్లాడదాం.” అని పెట్టేసింది.

“మూడు నెలలు వాడి రా. సరిపడకపోతే లూప్ గురించి ఆలోచిద్దాం. మొదట్లో కొంచెం మరకలు కనిపిస్తాయి, భయపడకు,” అంటూ డాక్టర్ చీటీ రాసింది. వాళ్లు లేస్తుంటే తనూ లేచి, బాలమ్మకు తలుపు తీసి పట్టుకుంది.

కింద మందుల షాపు షట్టర్ సగం దించి ఉంది. బాలమ్మే వంగి లోపలికి పిలిచి, మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇప్పించింది. సుష్మ వాటిని బ్యాగులో పెట్టుకుని స్కూటీ తీసింది. కళ్లు తుడుచుకుని వెనక్కి తిరిగింది.

“మిమ్మల్ని ఎక్కడ దింపమంటారు?”

బాలమ్మ ఎక్కి కూర్చుని ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

“పొద్దుగాల నీ బండి ఆపినం గద, చందానగర్ల, గాడనే దింపు; దవాఖాన పేరు చెప్పి ఆఫీసుకు పోతున్నవేమో, ఎంబడి పోయి చూసి రమ్మని నన్ను తోలిన మా బంద్ వాళ్లు ఇంక రోడ్డు మీదనే కూసొని ఉంటరు.”