పాటల బీరువా

"పొద్దుగూకేలోపు అది పాడాలె. పాడిందా, నీ తమ్ముణ్ని తోల్కపో. పాడలేదా, నువ్వు గూడ ఆ కొట్టంలనే ఉంటవు," అన్నాడు దొర.

యోహాను చేతులు కట్టుకుని తలూపాడు. దొర ముందు ఇంకేం చేయగలడు?

యోహాను జనగామలో టూరింగ్ టాకీసు డైనమో చూసుకునే మనిషి. కరెంటు పని ఎరిగినవాడు ఆ చుట్టుపక్కల ఇంకొకడు లేడు. అందుకే అతణ్ని నర్మెట్ట దాకా బండిలో, అక్కణ్నుంచి దొర గడి దాకా నడిపించి తెచ్చారు. దొరలకు ఎదురు తిరిగిన సంఘంలో తిరుగుతున్నాడని అతని తమ్ముడు సాంసన్‌ను అప్పటికే పట్టుకొచ్చి గడి వెనకాల వడ్ల కొట్టంలో వేశారు. అవి గడిలో కేక వినబడితే చాలు, ఊరంతా వడిసెలలూ కారప్పొడీ పట్టుకుని దర్వాజా ముందుకు వచ్చేస్తున్న రోజులు. పట్టపగలు కూడా దర్వాజా తీయడం లేదు.

ఇంత గొడవలోనూ దొరకు పాటలు కావాల్సి వచ్చాయి. యుద్ధం అయిపోయాక అమెరికా సిపాయిలు సికింద్రాబాదులో వదిలేసి పోయిన, మీట నొక్కితే పాట పాడే జ్యూక్‌బాక్సును ఎద్దులబండి మీద తెప్పించుకున్నాడు. రంగుదీపాలతో నిలువెత్తు ఉండేసరికి గడి పనివాళ్లు దానికి పాటల బీరువా అని పేరు పెట్టారు. దాని లోపలి స్పీకరు విప్పి మేడ మీద గొట్టంలో బిగించి, అక్కడి దాకా తీగ లాగారు. పాట పెడితే ఊరి చివరి గుడిసెకూ వినబడాలట. ఊరు ఏడుస్తుంటే పాటలేమిటని దొరను అడిగేదెవరు?

ఇప్పుడా బీరువా మూగపోయింది.

గడి డైనమో బాగానే తిరుగుతోంది. దీపాలు వెలిగాయి. ప్లేటు తిరిగింది, ముల్లు దాని మీద వాలింది. చప్పుడు మాత్రం లేదు. లోపలి గాజు బుడ్లు ఎర్రగా వెలుగుతూనే ఉన్నాయి. యోహాను ముల్లును వేలితో తాకి చూశాడు. అంతా సవ్యంగా ఉంటే గొట్టం గుర్రుమనాలి. అనలేదు. అంటే గొట్టానికి పోయే దారిలోనే ఎక్కడో తేడా ఉంది.

వెనక చెక్క విప్పాడు. గొట్టానికి పోయే తీగ తెగి ఉంది. ఎలుక కొరికితే కొస చిందరవందరగా ఉంటుంది. ఇది కొడవలితో కోసినట్టు నున్నగా ఉంది. అదీ మొదలంటా కోశారు, మెలిపెట్టడానికి కొస కూడా మిగల్చకుండా.

తలెత్తాడు. వంటింటి గడపలో గడి పనిమనిషి సాలమ్మ నిలబడి అతని చేతుల వంకే చూస్తోంది. అతను చూడగానే మొహం తిప్పుకుంది.

యోహానుకు అర్థమైంది. దొర మీద కసి ఎవరికి ఉండదు? కానీ ఆ కసి వచ్చి తన తమ్ముడి మెడకు చుట్టుకుందే.

"ఏందిరా, దొరికిందా?" గుమ్మంలో కర్ర పట్టుకుని కూర్చున్న జమేదారు అడిగాడు.

"ఎలుకలు కొరికినయి అయ్యా," అన్నాడు యోహాను. ముసలిదాన్ని పట్టివ్వడానికి మనసొప్పలేదు. "సీసంతోటి అతకాలె. అవ్వా, జర ఈ కడ్డీ పొయ్యిల కాల్చుకరా."

సాలమ్మ కడ్డీ తీసుకెళ్లింది. చాలాసేపటికి గానీ తేలేదు. సీసానికి ఆనిస్తే కరగలేదు.

"ఎర్రగ కాలాలె అవ్వా."

మళ్లీ తీసుకెళ్లింది. ఈసారి తెచ్చిన కడ్డీ తడిగా ఉంది.

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. కిటికీలో ఎండ వాలిపోతోంది. యోహాను సాలమ్మ దగ్గరికి జరిగాడు. గొంతు తగ్గించి, "నీ కాళ్లు మొక్కుత అవ్వా. నా తమ్ముడు కొట్టంల ఉన్నడు," అన్నాడు.

"నాకెరుక లేదా బిడ్డా? వానికి తినెతందుకు గట్క తీస్కపోయేది నేనే. ఈ నడుమనే జర లేసి కూసుంటున్నడు. నువ్వు..."

"ఏం ముచ్చట్లే ముసల్దానా?" జమేదారు కర్ర నేలకు కొట్టాడు. అప్పట్నుంచి వాళ్లిద్దరూ మాట కలపకుండా గుమ్మంలోంచే కాపు కాశాడు.

ఇక లాభం లేదని యోహాను తానే వంటింట్లోకి వెళ్లాడు. పొయ్యి ఊది, కడ్డీ ఎర్రబడేదాకా దాని ముందే కూర్చున్నాడు. లేచేసరికి సాలమ్మ గడపకు అడ్డంగా నిలబడి ఉంది. భుజంతో పక్కకు తోశాడు. తల్లి వయసు మనిషిని తోసినందుకు బాధేసింది. కానీ తమ్ముడి కంటే ఎక్కువా?

సీసం కరిగింది. అతుకు గట్టిగా కూర్చుంది. మీట నొక్కగానే గొట్టం గుర్రుమని, పాట అందుకుంది.

యోహానుకు ప్రాణం లేచొచ్చింది. దొర మేడ దిగి వచ్చాడు.

"శభాష్‌రా. ఇంకా పెంచు."

పెంచాడు.

"ఇంకా."

కిటికీ రెక్కలు అదిరాయి. తన చేతి పని ఊరంతా వినబడుతోందని యోహానుకు కాస్త గర్వం కూడా కలిగింది.

"దొరా, నా తమ్ముడు..."

"తోల్కపోదువు తియ్. జర నాలుగు పాటలు కానియ్యి," అంటూ దొర జమేదారు వైపు చూశాడు. జమేదారు లేచి పెరటి వైపు నడిచాడు. దొర కూడా అటే వెళ్లాడు. తమ్ముణ్ని విడిపించడానికేననుకుని, యోహాను వాళ్ల వీపులకు దండం పెట్టాడు.

గదిలో అతనితో పాటు సాలమ్మ ఒక్కతే మిగిలింది. గోడకు ఆనుకుని కూలబడి ఏడుస్తోంది.

"ఏడుస్తవేందవ్వా, తీగ నువ్వే కోసినవని నేను ఎవ్వరికీ చెప్ప," అన్నాడు యోహాను.

పాట హోరులో వినబడదని, ఆమె లేచి అతని చెవి దగ్గరికి వచ్చింది.

"గిది పాడనన్ని దినాలు, కేకలు ఊరికి వినవడ్తయని నీ తమ్ముణ్ని ఒక్క దెబ్బ గూడ కొట్టలేదు బిడ్డా."