కాన్‌బెరా గడియారం

నాలుగు నిమిషాలు ఆలస్యమన్న వంకతో సంఘంవాళ్ళు అవార్డు పోటీలోంచి గ్లెనిస్ పేరు కొట్టేశారు. ఆ అవార్డుకని భర్త డెస్ తన గురించి రాసిన పదకొండు లైన్లు చెవిన పడకుండానే ఆమె పోయింది.

డెస్ వాళ్ళని క్షమించలేదు. క్షమించే ఉద్దేశమూ లేదు.

ఆమె పోయిన పద్నాలుగు నెలలకి అదే సంఘం అడిలైడ్‌లో విందు పెట్టింది. ఈ ఏడాది ఉత్తమ స్వచ్ఛంద సేవకురాలు గ్లెనిసేనట. భర్త వచ్చి షీల్డు అందుకోవాలట.

బల్ల మీద అతని పేరు రాసిన అట్టముక్క. దాన్ని తిప్పాడు, బోర్లించాడు, మళ్ళీ నిలబెట్టాడు.

అప్పటికే రెండుసార్లు లేచి బయటికి వెళ్ళొచ్చాడు. టై వదులు చేసుకున్నాడు.

వేదికెక్కి ఏమనాలో కారులో రెండు గంటలూ వల్లిస్తూనే వచ్చాడు. "బతికుండగా ఇవ్వనిది ఇప్పుడెందుకు? మీ షీల్డు మీరే ఉంచుకోండి." అంతే. దిగిపోవాలి.

ఇక్కడున్నవాళ్ళంతా విశ్వవిద్యాలయాల్లో పరిశోధకులు నిధుల కోసం పెట్టే దరఖాస్తులు సరిచూసి గడువులోగా పంపించేవాళ్ళు. గడువు రాజధాని కాన్‌బెరా టైము ప్రకారం. అడిలైడ్ గడియారం దానికి అరగంట వెనక. ఆ అరగంటలో ఎంతమంది కొంపలు మునిగాయో.

కొత్తగా చేరినవాళ్ళకి గ్లెనిస్ మొదట నేర్పేది అదే. జీతం భత్యం లేకుండా, ఇరవై రెండేళ్ళు, శనివారాలన్నీ ఫోను పట్టుకుని.

"నీ గోడ మీది గడియారం కాదమ్మా, కాన్‌బెరా గడియారం చూడు."

డెస్ ఆ మాట వెయ్యిసార్లు వినుంటాడు. విసుక్కుని తలుపేసేవాడు.

ఎదురుగా ఒక బట్టతలాయన తన గొర్రెమాంసం ఇచ్చేసి పక్కావిడ చేప తీసుకున్నాడు. "ఈ చేప గడువు దాటి వచ్చింది. వెనక్కి పంపేద్దామా?"

బల్లంతా నవ్వింది. డెస్ నవ్వలేదు.

నరెల్ వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. ఇప్పుడు సంఘానికి అధ్యక్షురాలు. ఒకప్పుడు గ్లెనిస్ దగ్గర ఓనమాలు దిద్దిన పిల్ల.

"ఏమీ తినలేదేం, డెస్?"

"తిండికి రాలేదు."

"తిట్టడానికొచ్చారా?"

అతను తలెత్తాడు.

"మొహం చూస్తే తెలీదేంటి? 'మా ఆయన అలిగాడంటే పొలంలో బార్లీ కూడా తలొంచుకుంటుంది' అనేది గ్లెనిస్."

"మనిషి మంచాన పడిందని తెలుసు మీకు. అయినా నాలుగు నిమిషాలు లెక్కపెట్టారు. నీకు పని నేర్పిన మనిషి గదే!"

"అది మాదాకా రానేలేదు, డెస్."

"అబద్ధాలాడకు అమ్మాయ్. జవాబొచ్చింది నాకు. 'గడువు దాటినందున పరిశీలించలేము.' కింద మీ సంఘం పేరు."

నరెల్ చేతిలో గ్లాసు కింద పెట్టింది.

"అవార్డుకి వచ్చిన ఫారాలు తెరిచి, టైము రాసి, మాకు పంపే పని ఆ ఏడు గ్లెనిస్‌ది. ఒంట్లో బాలేదు, ఆపమంటే వినలేదు. పడుకునే చేసింది. ఆ జవాబు రాసింది ఆవిడే. మొన్నామధ్య ఆవిడ చూసిన ఉత్తరాలు తిరగేస్తుంటే కనబడింది."

డెస్ మోకాలు ఇందాకటినుంచీ ఆడుతూనే ఉంది. ఆగింది.

ఆ సాయంత్రం గ్లెనిస్ పక్కగదిలోనే ఉంది. మంచం మీద, ఒళ్ళో కంప్యూటర్ పెట్టుకుని. తను వంటింటి బల్ల దగ్గర ఒంటివేలితో ఒక్కో అక్షరం కొట్టాడు. గడువు అయిదింటికి; గోడ గడియారంలో దానికి ఇంకా ఇరవై ఆరు నిమిషాలుందని చూసుకుని మరీ పంపాడు.

జవాబు రాగానే పెద్దగా బూతు తిట్టాడు.

"ఏమైందయ్యా?" అంది ఆమె లోపల్నుంచి.

"ఏం లేదు," అన్నాడు.

అతనిది ఊరి బడిలో ఏడో తరగతితో ఆపేసిన చదువు. పెద్ద మాటలు రావు. రాసిన పదకొండు లైన్లలో చివరి మూడయితే ఫారం అడగనేలేదు: 'శనివారాలు పాడుచేస్తోందని ఇరవై రెండేళ్ళు గొణిగాను. ఆవిడ చేసింది మంచి పని. ఆ మాట నేను ఒక్కసారీ అనలేదు.'

వేదిక మీద ఎవరో చదువుతారు, ఆమె వింటుంది అనుకున్నాడు. తన నోట ఎటూ రాదు.

"ఎన్నింటికి తెరిచింది?" అని అడిగాడు నరెల్‌ని.

నరెల్ ఫోను తీసి చూసింది. వీళ్ళ దగ్గర ప్రతిదానికీ టైము ఉంటుంది. "కాన్‌బెరా టైములో అయిదూ నాలుగుకి. వచ్చీరాగానే."

"నాకు జవాబెప్పుడు పంపింది?"

"అయిదూ నలభై ఒకటికి."

డెస్ వేళ్ళ మీద లెక్కేశాడు. మళ్ళీ లెక్కేశాడు. ముప్పై ఏడు నిమిషాలు.

పదకొండు లైన్లు. కూడబలుక్కుని చదివినా రెండు నిమిషాలు పట్టదు.

వేదిక మీద గ్లెనిస్ పేరు చదివారు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు.

డెస్ మెట్లెక్కాడు. షీల్డు రెండు చేతులా అందుకున్నాడు. మైకు ముందుకెళ్ళాడు. దారంతా వల్లించిన మాటల్లో ఒక్కటీ రాలేదు.

"థాంక్స్," అని దిగిపోయాడు.

నరెల్ కారుదాకా వెంట వచ్చింది.

"చెప్పకుండా ఉండాల్సిందేమో. కోపమొచ్చిందా?"

అతను షీల్డుని పక్క సీటులో నిలబెట్టి బెల్టు పెట్టాడు.

"డెస్, ఆవిడ ఆ రోజు..."

"ఆ సంగతి ఇక నా దగ్గర ఎత్తకు, అమ్మాయ్. ఆవిడ నా దగ్గర ఎత్తలేదు, నేనూ ఎవరి దగ్గరా ఎత్తను."