జీను సంచిలో గౌను

భర్త జీను సంచిలో దొరికిన తెల్ల గౌనును అర్విల్లా తన ఒంటికి ఆనించి చూసుకుంది. అది మూరెడు పొడుగెక్కి నేలమీద జీరాడింది.

"ఏ పొడుగుకాళ్ల సుందరికండీ ఇది? ఉత్తరాదివాళ్లతో యుద్ధంలో ఓడి టెనెసీకి తిరిగొచ్చాక నాకొక చేతిరుమాలైనా తెచ్చారా?"

కాఫీ తాగుతున్న భర్త ఉలిక్కిపడ్డాడు.

"నాకు తెలుసులెండి. హెస్టర్‌కే! మొన్నటిదాకా మా నాన్న పొలంలో బానిస. ఇప్పుడు నల్లపిల్లలకు బడి పెట్టి పంతులమ్మ అయిపోయింది. దాని గుడిసె ముందు మన గుర్రం అడుగులున్నాయి. విరిగిన లాడం గుర్తు నేను పోల్చుకోలేననుకున్నారా?"

అతను పగలబడి నవ్వాడు.

"ఓసి పిచ్చిదానా! ఆ గౌను నాదే. ఎవరికీ చెప్పనని ఒట్టేశాను, నువ్వు నోరు జారకు. మా సిపాయిలందరం కలిసి ఒక సంఘం పెట్టాం. ఇది తొడుక్కుని, యుద్ధంలో చచ్చినవాళ్ల దయ్యాలమంటూ నల్లవాళ్ల ఇళ్లమీద పడతాం. అక్కడికి వెళ్లింది దారులు చూసుకోవడానికి. ఈ రాత్రి హెస్టర్ వంతు. రేపు ఆ బడీ ఉండదు, అదీ ఉండదు."

అర్విల్లా కుర్చీలో కూలబడింది. ఇన్నాళ్ల కడుపుమంట ఒక్కసారిగా చల్లారింది. కళ్లు తుడుచుకుని నవ్వింది.

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా!"

సంచి అడుగున ముసుగు కూడా ఉంది. కళ్ల దగ్గర కత్తిరించిన కంతల చుట్టూ దారాలు లేచి ఉన్నాయి. ఆమె సూది తీసి, రెండు కంతలకీ శ్రద్ధగా అంచు కుట్టింది. ఈ రాత్రి తన భర్తకు హెస్టర్ స్పష్టంగా కనబడాలి.