కుళాయి కట్టేశావా?

జనవరి కావడంతో విస్కాన్సిన్‌లో ఐదింటికే చీకటి పడిపోయింది. బేస్‌మెంట్‌లో, తలుపుకి బీరు కుళాయి బిగించిన పాత ఫ్రిజ్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, డెల్బర్ట్ బీరు పీపాకి గొట్టాలు తగిలించుకుంటున్నాడు. భార్య లోరెయిన్ పోయాక ఇంట్లోకి పీపా తేవడం ఇదే మొదటిసారి. తాగడానికి ఎవర్ని పిలవాలో తోచలేదు. అయినా తెచ్చాడు.

బీరుని పైకి తోసే గ్యాస్ తిప్పితే సన్నగా బుస్సుమంది. పీపా మూతికి బిగించిన పిడిని కిందికి నొక్కబోయాడు.

"ఏమయ్యా, కుళాయి కట్టేశావా?" పైన వంటింట్లోంచి కేక.

"కట్టేశాలేవే! ప్రతిసారీ ఇదే గోల!" అన్నాడు, అలవాటు కొద్దీ.

అనేశాక చెయ్యి ఆగిపోయింది.

కుళాయి కట్టెయ్యలేదు. పిడి నొక్కి ఉంటే బీరంతా ఎగజిమ్మేది. పెళ్ళయిన కొత్తలో అలాగే లోరెయిన్ జుట్టంతా నురగ చేశాడు. అప్పట్నించీ ప్రతి పీపాకీ ఆవిడ అడగడం, ఇతను చూడకుండానే కట్టేశానని బొంకడం.

కుళాయి కట్టేసి చెవులు రిక్కించాడు. ఫ్రిజ్ గురగుర తప్ప ఇంకే చప్పుడూ లేదు. వంటింట్లో దీపమైనా వెయ్యలేదు.

"లోరెయిన్?"



తర్వాత, కట్టేసిన కుళాయిని మెల్లిగా మళ్ళీ తెరిచాడు. పిడి మీద అరచెయ్యి ఆనించి ఎదురుచూశాడు.

ఈసారి కేక రాలేదు. వెనకాల, మెట్ల వరసలో పై మెట్టు కిర్రుమంది.